పూడ్చిన గుంతలు

అక్కా బావా ఆ ఇల్లు కొన్నది నా మాట మీద. వాళ్ళు నన్ను అడగనైనా లేదు. నేనే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళి, టీ చల్లారేలోపు ఆ కొండ మీద పదివేల ఏళ్ళ వానలు కురిపించి చూపించాను. చుట్టూ ఉన్న గుట్టలన్నీ తెర మీద కరిగిపోయాయి. వాళ్ళు కొనాలనుకున్న వాలు మాత్రం ఉన్నచోటే ఉంది. "కళ్ళు మూసుకుని కొనేయండి" అన్నాను. ఆ రోజు నా గొప్పకి పట్టపగ్గాలు లేవు.

బావ బడిలో లెక్కల మాస్టారు. ఇంటికి ఎవరొచ్చినా ఆరేళ్ళుగా ఒకటే పాట. "మా మరదలు హామీ ఇచ్చిన ఇల్లండీ ఇది. పదివేల ఏళ్ళు. ఆరు అయిపోయాయి, ఇంకా తొమ్మిదివేల తొమ్మిది వందల తొంభై నాలుగు మిగిలాయి." ఆ తర్వాత పెరట్లోకి తీసుకెళ్ళి నీళ్ళు పోయే కన్నం చూపిస్తాడు. పెరడు ఇంటికి ఎగువన ఉంటుంది. కొండ మీంచి దిగిన వాననీరంతా అందులోకే రావాలి. వీధిలో అందరి పెరళ్ళూ వానకి మడుగులవుతాయి, వీళ్ళది మాత్రం గంటలో ఆరిపోతుంది. "మా కన్నానికి ఎంత ఆకలో చూడండి, ఎన్ని బకెట్లు పోసినా వద్దనదు" అంటాడు. వచ్చినవాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని. పన్నెండేళ్ళుగా నేలతోనే బతుకుతున్నదాన్ని, ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని ఒక్కసారి అడగలేదు.

నా పని ఏమిటో చెప్పాలి. నేల ఎలా అరుగుతుందో, కొండ ఏ వైపు కరుగుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టడం. విమానం నుంచి లేజరు వేసి కొలిచిన ఎత్తులు మాకు వస్తాయి. కొండంతా మీటరేసి గడులుగా మారుతుంది, గడికొక అంకె. ప్రోగ్రాం ప్రతి గడి మీదా వాన కురిపిస్తుంది. నీరు చుట్టూ ఉన్న ఎనిమిది గడుల్లో ఏది పల్లమో చూసుకుని అటు పోతుంది, పోతూ పోతూ చిటికెడు మట్టి పట్టుకుపోతుంది. దీన్ని కొన్ని కోట్లసార్లు చేయిస్తే లోయలు పుడతాయి, గుట్టలు చదునవుతాయి. నీరు పల్లమెరుగు అన్న రెండు మాటల్నే మేం వేల వరుసల్లో రాసుకుని జీతం తీసుకుంటున్నాం.

ఇందులో ఒక చిక్కుంది. ఎనిమిది పక్కలా ఎత్తున్న గడి ఎక్కడైనా తగిలితే నీరు అందులో దిగి ఉండిపోతుంది. కిందికి చేరదు, లెక్క కుదరదు. అందుకని ఈ పనిలో ఉన్నవాళ్ళం మొదట చేసేది, తెర మీద ఆ గడుల అంకెలు పెంచి, గుంతలు పూడ్చడం. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కొలతలు నాసిగా వచ్చేవి. వందలో తొంభై తొమ్మిది గుంతలు పరికరం చేసిన పొరపాట్లే. ఒక్కొక్కటీ చేత్తో పూడ్చలేక విసుగెత్తి, అన్నిటినీ తానే వెతికి పూడ్చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకున్నాను. పని అవగానే తెర మూలన ఒక వరుస పడుతుంది: పూడ్చినవి ఇన్ని. దాన్ని ఎవరూ చదవరు. ఇల్లు ఊడ్చేవాళ్ళు చెత్తని లెక్కపెట్టుకోరు కదా.

తర్వాత కొలతలు బాగుపడ్డాయి. నా ప్రోగ్రాం మాత్రం అలాగే నడుస్తూ వచ్చింది. దాంతోనే, అక్క వాళ్ళది కాక, నలభై ఒక్క కొండవాలులకి నా సంతకంతో నివేదికలు వెళ్ళాయి. వాటి మీద వీధులు లేచాయి. ఆ నలభై ఒకటినీ నేను పతకాల్లా చెప్పుకునేదాన్ని.

మూడు రోజులుగా వాన వదలని ఒక శుక్రవారం పొద్దున, ఆఫీసులో నాకు కొత్త కంప్యూటర్ పెట్టారు. సరిగ్గా నడుస్తుందో లేదో చూద్దామని, నాకు కంఠతా వచ్చిన అక్క వాళ్ళ కొండనే ఎక్కించాను. ఆ కొండని మూడోసారి కొలిచిన ఎత్తులు అంతకు ముందు వారమే వచ్చాయి. నడిపించి చూస్తే, పైన నూరు పాళ్ళు వాన కురిస్తే కింద కాలవకి ఎనభై మూడు పాళ్ళే చేరింది.

మొదట కోపమే వచ్చింది. కంప్యూటర్ బిగించినవాణ్ణి నాలుగు తిట్లు తిట్టుకున్నాను. చూస్తే నా గుంతల ప్రోగ్రాం కొత్తదాంట్లోకి రానేలేదు. పాతదాంట్లోంచి తెచ్చుకోవడం రెండు నిమిషాల పని. కానీ మిగిలిన పదిహేడు పాళ్ళ నీరు ఎక్కడ ఆగిందో తెర మీద నీలిచుక్కలుగా కనిపిస్తోంది. పదకొండు చుక్కలు. కొలతల్లో పొరపాట్లే అయితే చల్లిన గింజల్లా ఎక్కడపడితే అక్కడ ఉండాలి. ఇవి వరసలో ఉన్నాయి.

ఆరేళ్ళ నాటి కొలతలు తీసి, ఏమీ పూడ్చకుండా చూశాను. నాలుగు చుక్కలు, కొండ అడుగున రోడ్డు పక్క కట్టిన రాతిగోడకి కాస్త పైన. మూడేళ్ళ నాటివి తీశాను. ఏడు. వరస గోడ దగ్గర మొదలై పైకి పాకుతోంది. నేల లోపల నీరు దారి తొలిచేటప్పుడు అలాగే జరుగుతుంది. బయటపడే చోట మొదలుపెట్టి ఎగువకి తొలుచుకుంటూ పోతుంది, పైన మట్టి కుంగినచోటల్లా గుంత పడుతుంది. ఏడోది అక్క ఇంటి ముందు మెట్ల పక్కన ఉంది. కొత్తగా పుట్టిన నాలుగింటిలో మొదటిది, అంటే ఎనిమిదోది, పెరట్లో నీళ్ళ కన్నం దగ్గర ఉంది.

ఏడుకీ ఎనిమిదికీ మధ్య పన్నెండు మీటర్ల మేర ఒక్క చుక్కా లేదు. అది చూసి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. మరుక్షణం అర్థమైంది. ఆ పన్నెండు మీటర్లూ అక్క ఇల్లు. లేజరు పైకప్పు దాకానే చూస్తుంది, కప్పు కింద నేల ఎలా ఉందో దానికి తెలియదు.

పాత ఫైలు అడుగున ఆ వరుస ఇంకా ఉంది. పూడ్చినవి: 4. పక్కన తేదీ. నేను ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళిన రోజు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని అంటారు. పూడ్చిన గోతి మీద తోబుట్టువుని కాపురం పెట్టించిన ఘనత నాకొక్కదానికే దక్కుతుంది.

మా పై అధికారిని వెనకాల అందరం చూద్దాంగారు అంటాం. నిప్పంటుకుందని చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట అదే. తెర తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"వాన తగ్గనీండి. సోమవారం మనిషిని పంపి చూపిద్దాం" అన్నారు.

"సార్, అది మా అక్క ఇల్లు."

"అందుకే కంగారు పడుతున్నారు. ఊరికే జనాన్ని బెదరగొడితే రేపు మనకే మాట వస్తుంది. చూద్దాం."

అక్కకి ఫోన్ చేశాను, తీయలేదు. ఇంట్లోనే బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. మెషిను తొక్కుతున్నప్పుడు పక్కన పిడుగు పడినా వినిపించదు. బావకి చేస్తే స్విచాఫ్. ఇంక ఆగలేక కారు తీశాను. దారంతా అద్దం మీద నీళ్ళు తుడుచుకుంటూ, నాకు తెలిసిన అంకెలన్నీ అబద్ధం కావాలని కోరుకున్నాను. వానకి బడికి సెలవిచ్చారని గుర్తొచ్చింది. అంటే బావా, మేం తూనీగ అని పిలుచుకునే వాళ్ళ ఏడేళ్ళ కూతురూ కూడా ఇంట్లోనే ఉంటారు. బావ వాళ్ళ అమ్మ, నాకు అత్తయ్యగారు, ఎటూ మంచం దిగలేరు. నలుగురూ ఆ పన్నెండు మీటర్లలోనే ఉన్నారు.

కొండ అడుగున రాతిగోడ దగ్గర మేస్త్రి ఒకాయన గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. ఆ గోడని చూసుకునే మేస్త్రి. గోడ వెనక చేరిన నీళ్ళు బయటికి పోవడానికి అడుగున కన్నాలు వదులుతారు, వాటిలో చెత్త తీస్తుంటాడు. కారు ఆపి అడిగాను.

"మిగతా కన్నాల్లో తేటగానే వస్తోంది మేడం. ఆ మూడోది ఒక్కటే వారం నుంచి బురద కక్కుతోంది" అన్నాడు.

"బురదొస్తే ఏంటి?"

"తేట నీళ్ళొస్తే వాననీళ్ళొచ్చినట్టు. బురదొస్తే ఎవరిదో ఇల్లొస్తున్నట్టు." అని తల పైకెత్తి చూశాడు. నేనూ చూశాను. ఆ కన్నానికి సూటిగా పైన అక్క ఇంటి ఆకుపచ్చ రేకు కనిపిస్తోంది.

"ఈ వానకి పడిపోతుందా?"

"వానలో పడవు మేడం. లోపల నీళ్ళు నిండుగా ఉన్నంతసేపూ ఆ నీళ్ళే మోస్తాయి. వాన వెలిసి, నీళ్ళు దిగిపోయాక అప్పుడు చూడాలి."

ఆయన ఫోన్ నంబరు తీసుకుని పైకెళ్ళాను. ఇంటి మెట్ల పక్కన గడ్డిలో ఏడో గుంత ఉంది. మూడేళ్ళుగా దాన్ని దాటుకునే లోపలికి వెళ్తున్నాను. తూనీగ అందులో పూలమొక్క పెట్టింది.

లోపల అక్క మెషిను తొక్కుతోంది. తూనీగ నేల మీద బోర్లా పడుకుని బొమ్మలేస్తోంది. బావ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ఇల్లంతా కొత్త బట్ట వాసన. ఇంత మామూలుగా ఉన్న ఇంట్లోకి ఆ మాట ఎలా తేవాలో నాకు తెలియలేదు.

"అక్కా, లేవండి. అందరూ బయటికి రండి. ఇప్పుడే" అన్నాను.

బావ ఎర్ర పెన్ను కిందపెట్టాడు. "ఏంటి మరదలా, పదివేల ఏళ్ళు అప్పుడే అయిపోయాయా?"

"ఇంటి కింద నేల డొల్లగా ఉంది బావా. నీళ్ళు దారి చేసుకున్నాయి."

"ఎవరు చెప్పారు?"

"మా ప్రోగ్రాం."

"ఆ రోజు గట్టిగా ఉందని చెప్పింది ఎవరు?"

"అదే ప్రోగ్రాం."

"మరి అది ఆ రోజు అబద్ధం చెప్పిందా, ఈ రోజు చెప్తోందా? ఒక్కటే జవాబు రాయి, మార్కులేస్తాను."

అప్పుడు చెప్పాల్సింది. నేనే పూడ్చేశాను అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. అక్క మెషిను ఆపి నా వంకే చూస్తోంది. చిన్నప్పటి నుంచీ నాకు అన్నీ తెలుసని నమ్మే మొహం అది. "కొత్త కొలతలు వచ్చాయి" అన్నాను.

"కొత్తవి వచ్చాయంటే రేపు ఇంకా కొత్తవి వస్తాయి. ఈ వానలో అమ్మని ఎక్కడికి మొయ్యమంటావు?" అన్నాడు బావ. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నా పిరికితనానికి ఆయన మాటలు సాయం వచ్చాయి, అంతే.

"రుజువు చూపిస్తే వస్తారా?"

"లెక్కల మాస్టార్ని. రుజువుకి కాదంటానా?"

అక్క దగ్గర బట్టలకి పెట్టే నీలిమందు డబ్బా ఉంది. రెండు బకెట్ల నీళ్ళలో డబ్బా అంతా కలిపాను. మేస్త్రికి ఫోన్ చేసి మూడో కన్నం ముందు నిలబడమన్నాను. పెరట్లో కన్నానికీ కింద గోడకీ అరవై మీటర్ల దూరం. మట్టిలో ఇంకుతూ వెళ్తే ఆ నీలం చేరడానికి నెలలు పడుతుంది, అసలు చేరకపోవచ్చు కూడా. నిమిషాల్లో చేరిందంటే మధ్యలో మట్టి లేదని అర్థం. బావకి అలాగే చెప్పాను. తలూపాడు. ప్రయోగం పద్ధతిగా ఉందని మెచ్చుకున్నాడు కూడా.

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి బకెట్లు వంచాను. కన్నం రెండు గుటకల్లో మింగేసింది. అంతవరకు నాకు ముచ్చటగా వినిపించిన ఆ చప్పుడుకి అప్పుడు ఒక అడుగు వెనక్కి వేశాను. తూనీగ చప్పట్లు కొట్టింది. అందరం లోపలికొచ్చి ఫోన్ చుట్టూ నిలబడ్డాం.

ఒక నిమిషం అయింది. బావ గడియారం చూసుకుంటున్నాడు. రెండు నిమిషాలు కాలేదు, వెనక గదిలోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది.

"ఏం పోశారర్రా?"

"ఏం లేదమ్మా, నువ్వు పడుకో" అన్నాడు బావ.

"మీరు పోసింది ఇప్పుడే నా మంచం కింద నుంచి పోయింది."

బావ నవ్వబోయాడు. "టీవీ పెద్దగా పెట్టినా వినపడదంటావు, ఇదెలా వినిపించిందమ్మా?"

"పైమాటలు వినపడవురా నాకు. కిందమాటలు వినపడతాయి. మంచం కింద ఎవరో గుసగుసలాడుతున్నారని ఎండాకాలం నుంచి మొత్తుకుంటున్నాను. ముసల్దానికి మతి పోయిందన్నారు మీరంతా."

నేను ఆ గదిలోకి వెళ్ళి, మంచం పక్కన బోర్లా పడుకుని గచ్చుకి చెవి ఆనించాను. మొదట నా గుండె చప్పుడే వినిపించింది. ఊపిరి బిగబట్టాను. అప్పుడు తెలిసింది. నీళ్ళు. సన్నగా, తీరిగ్గా, ఎవరో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటున్నట్టే ఉంది. మధ్యమధ్యలో ఏదో ఊడి నీళ్ళలో పడ్డ చప్పుడు. నా చెంపకీ ఆ నీళ్ళకీ మధ్య పలకలూ, వాటి కింద ఎంత మందమో తెలియని మట్టీ తప్ప ఇంకేమీ లేవు. ఆ గచ్చు మీద పడుకున్నంత భయం నేను పుట్టి ఎరగను.

బయటి గదిలో ఫోన్ మోగింది. బావ స్పీకర్లో పెట్టాడు.

"మేడం, నీలంగా వస్తోంది" అన్నాడు మేస్త్రి. "మూడో కన్నంలోనే. చిక్కగా వస్తోంది."

నాలుగు నిమిషాలు. బావ చేతిలో గడియారం అలాగే ఉంది. నేను గుమ్మంలోకి వచ్చాను. ఆయన మొహంలో వెటకారం లేదు, కోపం కూడా లేదు. చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఆరేళ్ళ కిందట ఇది నీకు కనపడలేదా?"

"కనపడింది బావా. గుంతలుగా కనపడింది. నేను పూడ్చేశాను."

"పూడ్చేయడమేంటి?"

"అందరివీ పూడ్చినట్టే. అలవాటుగా. ఎన్ని పూడ్చానో కూడా చూడలేదు."

అక్క వంగి తూనీగ చెప్పులు తీసి దాని కాళ్ళకి తొడిగింది.

ఆ గదుల్లోంచి బయటపడటానికి పది నిమిషాలు పట్టింది. గోడల వెంటే నడవమన్నాను, గది మధ్యలో కాలు పెట్టొద్దన్నాను, ఒకరు గుమ్మం దాటాకే ఇంకొకరు కదలాలన్నాను. ముందు తూనీగ వెళ్ళింది. పిల్ల గోడకి వీపు ఆనించి పక్కపక్కగా అడుగులేస్తుంటే ఒక్కో అడుగూ నేను లెక్కపెట్టాను. పద్నాలుగు. తర్వాత అక్క. అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి బావా నేనూ ఎత్తాం. ముగ్గురి బరువూ ఒక్కచోట పడుతుందని నాకు తెలుసు, చెప్పలేదు. కుర్చీ గదిలోంచి వస్తుంటే కాలి కింద ఒక పలక టక్కుమంది. బావ ఆగిపోయాడు. ఆయన మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది. "ఆగావేంరా, నడువు" అని కుర్చీలోంచి అత్తయ్యగారు కసిరారు. నడిచాం.

ఆ సాయంత్రానికి పోలీసులు వచ్చి అటూ ఇటూ రెండేసి ఇళ్ళవాళ్ళని కూడా ఖాళీ చేయించారు. వీధికి అడ్డంగా పసుపు పట్టీ కట్టారు. అక్కా వాళ్ళూ నా రెండు గదుల ఇంటికి వచ్చేశారు.

మర్నాడు వాన వెలిసింది. ఎండ కాసింది. ఇల్లు ఇల్లుగానే ఉంది. ఆ మర్నాడూ అంతే. ఖాళీ చేసిన ఇరుగుపొరుగు బావకి ఫోన్లు చేసి, "మాస్టారూ, మీ మరదలి కంప్యూటర్‌కి జలుబు తగ్గిందా?" అని అడగటం మొదలుపెట్టారు. బావ ఫోన్ పెట్టేసి నా వంక చూసేవాడు కాదు.

చూద్దాంగారు కూడా ఫోన్ చేశారు. "ఏం కాలేదుగా, మంచిది. మీ పాత పనుల సంగతి ఇప్పుడే ఎవరితోనూ అనకండి. నెమ్మదిగా చూద్దాం." నలభై ఒకటి అన్న అంకె శుక్రవారం నుంచి నా గుమ్మం ముందే నిలబడి ఉంది. నేను తలుపు తీయలేదు. ఆయన అన్న ఆ మాటకి నాకు కోపం రావాల్సింది. ప్రాణం తేలికపడింది. ఆ సంగతి రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే అందరం వెళ్ళాం. బడులు తెరిచేలోపు అక్క నలభై యూనిఫాంలు ఇవ్వాలి, మెషిను ఆ ఇంట్లో ఉంది. అత్తయ్యగారు కారులో కూర్చున్నారు. తూనీగ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఇల్లు ఎండలో మెరుస్తోంది. గోడ మీద ఒక్క బీట కూడా లేదు.

"అయిదు నిమిషాల పని. మెషిను తెచ్చేస్తా" అని బావ పట్టీ ఎత్తాడు.

"వద్దు బావా. వానలో కంటే ఇప్పుడే ప్రమాదం. మేస్త్రి చెప్పాడు."

ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. "నీ మాట మీద కొన్నాం. నీ మాట మీద వదిలేశాం. నా ఇంట్లోకి నేను వెళ్ళడానికి కూడా నీ మాటే కావాలా?"

తూనీగ చెయ్యి వదిలేసి, బావ చొక్కా వెనక నుంచి రెండు చేతులా పట్టుకున్నాను. అక్క పెళ్ళయిన ఈ పదేళ్ళలో నేను ఆయనతో ఎప్పుడూ అలా ప్రవర్తించలేదు. "వదులు" అన్నాడు. వదల్లేదు. గుండీ ఒకటి ఊడింది. చుట్టుపక్కలవాళ్ళు చూస్తున్నారు, ఎవరో నవ్వారు కూడా. "నన్ను నమ్మొద్దు బావా, నా మాట వినొద్దు. ఆ మేస్త్రిని అడిగి వెళ్ళండి, ఒక్కసారి అడిగి వెళ్ళండి" అంటూనే ఉన్నాను. ఏడుస్తున్నానని తర్వాత తూనీగ చెప్పింది.

బావ విసుగ్గా ఫోన్ తీసి మేస్త్రికి చేశాడు. ఆయన కింద గోడ దగ్గరే ఉన్నాడు.

"మూడో కన్నం ఎలా ఉంది మేస్త్రీ?"

"ఎండిపోయింది సార్" అన్నాడు. "పొద్దున్నుంచి చుక్క లేదు. లోపల మోసే నీళ్ళు దిగిపోయాయి."

బావ పట్టీ వదిలేశాడు. దాన్ని వదిలి రెండడుగులు వెనక్కి వేశాడు. ముందు ఆకుపచ్చ రేకు ఒక పక్కకి ఒరిగింది. తర్వాత మెషిను ఉన్న గది కిటికీ, ఎవరో నిదానంగా కూర్చున్నట్టు, కిందికి దిగిపోయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. ఇంటి మధ్యభాగం ముందు పోయింది, గోడలు దాని మీదికి వంగాయి, కప్పు చివరికి విరిగింది. దుమ్ము వీధి దాకా వచ్చి మా మొహాలకి కొట్టింది. అంతా బావ చెప్పిన ఆ అయిదు నిమిషాల్లోనే.

బావ పట్టీ పక్కన నేల మీద కూలబడ్డాడు. ఊడిన చొక్కా గుండీ ఇంకా నా చేతిలో ఉంది. ఎవరూ నవ్వడం లేదు. కారులోంచి అత్తయ్యగారు, "పోయిందా?" అని అడిగారు.

అక్క ఏడవలేదు. ఇంటి వంక కూడా ఎక్కువసేపు చూడలేదు. తూనీగని దగ్గరికి లాక్కుని, శుక్రవారం నుంచి మొదటిసారి నాతో మాట్లాడింది.

"మాకు చెప్పినట్టే ఇంకెన్ని కొండలకి చెప్పావే?"

"నలభై ఒకటి."

"వాటికీ పూడ్చావా?"

"అన్నిటికీ."

"వాటి మీద ఇళ్ళెన్ని?"

"లెక్కపెట్టలేదక్కా."

ఆకాశం వంక చూసింది. ఎక్కడా మబ్బు లేదు. "వాన అన్నిచోట్లా ఒక్కసారే వెలిసింది కదా" అంది. "మరి ఇక్కడ నిలబడి మమ్మల్ని చూస్తావేంటి?"

కారులోంచి అత్తయ్యగారిని దింపడానికి బావ లేచి వచ్చాడు. నేను కారు తాళంచెవి వెతుక్కున్నాను.